మనోంగ్ సెవెరో చంపిన మనుషులు

మనోంగ్ సెవెరోకి ఒకే ఒక్క అలవాటుంది. ఎవరిని కలిసినా, ఎక్కడ కలిసినా, పలకరింపు అయిన రెండో నిమిషంలో "రేపు మీరు పోయారనుకోండి, తర్వాత ఎవరు?" అని అడుగుతాడు. పోవడం అంటే ఊరికి పోవడం కాదు.

ఈ మాట ఆయన కోపంగా అడగడు, వెటకారంగానూ అడగడు. బజార్లో చేప ఎంత అని అడిగినంత మామూలుగా అడిగి, చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, పెన్సిలు పట్టుకుని జవాబు కోసం చూస్తాడు. అవతలి మనిషి ఉలిక్కిపడి, శిలువ గుర్తు వేసుకుని, కీడు తొలగడానికి అందుబాటులో ఉన్న చెక్క మీద మూడుసార్లు తట్టి, తిట్టాలా వద్దా అని ఆలోచించుకునేంతవరకూ ఓపిగ్గా నిలబడతాడు. ఆ తర్వాత "ఊఁ, ఎవరు?" అంటాడు.

నేను కాతుంగాన్ చర్చి ఆఫీసులో గుమాస్తాని. బాప్తిస్మం సర్టిఫికెట్లు రాస్తాను, పెళ్ళి ప్రకటనలు అంటిస్తాను, ఫాదర్ గౌడియోసో కళ్ళజోడు ఎక్కడ పెట్టారో వెతికి ఇస్తాను. సెవెరో మొదటిసారి మా ఆఫీసుకి వచ్చిన రోజు కుండపోత. ట్రైసికిల్, అంటే మా మూడు చక్రాల అద్దెబండి, దిగి లోపలికి వచ్చేసరికి గొడుగు ఉన్నా లేనట్టే తడిసి ఉన్నాడు. నేను కుర్చీ తుడిచి, వేడి కాఫీ ఇచ్చాను.

"నీ పేరేంటి బాబూ?"

"డెల్ఫిన్ అండీ."

"పాత బాప్తిస్మం రిజిస్టర్లు ఎక్కడుంటాయి డెల్ఫిన్?"

"వెనక గదిలో, కొవ్వొత్తుల పెట్టెల కింద. చెదలు పట్టకుండా నేనే అక్కడ సర్దాను."

"ఆ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదండీ" అన్నాను, కొంచెం గర్వంగానే.

"రేపు నువ్వు పోయావనుకో, తర్వాత ఎవరు?"

నాకప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. ముందురోజే కొత్త చెప్పులు కొనుక్కున్నాను. ఆ మాట విన్నాక వాటివైపు చూసుకుంటే ఎందుకో డబ్బు దండగ చేశాననిపించింది.

ఆయన ఉద్యోగమే అది. మా తీరం పొడుగునా ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక చిన్న సంఘం ఉంటుంది. ఒకచోట చర్చి వెనక పిల్లలకి పొద్దున్నే జావ పోస్తారు. ఒకచోట సముద్రంలో మొగుళ్ళని పోగొట్టుకున్న ఆడవాళ్ళు కలిసి బట్టలు కుడతారు. ఇంకోచోట బాప్టిస్టులు ఊరందరికీ నీళ్ళ పంపు నడుపుతారు. అన్నీ మంచి మనసుతో మొదలైనవే. అన్నీ ఎవరో ఒక్క మనిషి మెడ మీద నిలబడినవే. ఆ మనిషికి జ్వరం వస్తే సంఘానికి జ్వరం వస్తుంది. వీటిని సొంత కాళ్ళ మీద నిలబెట్టమని బిషప్ గారి సేవా కార్యాలయం సెవెరోని పంపింది. ఆయన నియామకపు కాగితం మీద 'సంస్థాగత సామర్థ్య శిక్షకుడు' అని ఉండేది. అది ఎవరికీ నోరు తిరగలేదు. చావు మనోంగ్ అన్నారు. మనోంగ్ అంటే మా దగ్గర అన్న. అంతపని చేస్తున్నా అన్న అనడం మానలేదు, మావాళ్ళ మర్యాద అలాంటిది.

సందర్భం చూసుకుని అడుగుతాడా అంటే, ఆయనకి అన్నీ సందర్భాలే. ఒక పెళ్ళివిందులో పెళ్ళికొడుకు దగ్గరికి వెళ్ళాడు. ఆ కుర్రాడు చాపెల్లో పాటల బృందాన్ని నడుపుతాడు. ఆర్గన్ వాయించేదీ వాడే, పాటలు ఎంచేదీ వాడే. సెవెరో వాడి చెయ్యి పట్టుకుని, నూరేళ్ళు చల్లగా ఉండమని దీవించి, అదే ఊపిరితో "రేపు నువ్వు పోయావనుకో, ఆర్గన్ ఎవరు?" అన్నాడు. పెళ్ళికూతురి తల్లి అది విని చరచరా వచ్చింది. ఆయన చేతిలో ఉన్న పళ్ళెంలోంచి కాల్చిన పందిమాంసం ముక్కలన్నీ ఏరుకుని తీసుకెళ్ళిపోయింది. అన్నం మాత్రం వదిలింది.

నీళ్ళ పంపు నడిపే పాస్టర్ ఎలియేజర్ పెద్దమనిషి, గంభీరమైన గొంతు. ఆ పంపు ఆగిపోతే విప్పి బిగించడం ఆయనొక్కడికే వచ్చు. సెవెరో ప్రశ్నకి ఆయన ఆకాశంవైపు చూసి, "నేను పోతే దేవుడు చూసుకుంటాడు" అన్నాడు.

సెవెరో నోటుబుక్కులో 'దేవుడు' అని రాసుకున్నాడు. రాసుకుని, "స్పానర్ల పెట్టె ఎక్కడుందో ఆయనకి చెప్పారా?" అని అడిగాడు.

చివరికి బిషప్ గారిని కూడా వదల్లేదు. ఆయన పెద్దగా నవ్వి, "అది రోమ్ వాళ్ళు చూసుకుంటారులే సెవెరో, ఎవర్నో ఒకర్ని పంపుతారు" అన్నారట. సెవెరో ఎంతో తృప్తి పడ్డాడు. "చూశావా, నేను తిరిగిన ఇన్ని సంఘాల్లో ఇదొక్కటే పద్ధతిగా ఉంది" అని నాతో చాలాసార్లు అన్నాడు.

ఒక మీటింగులో కుట్టుపని సంఘం పెద్దావిడకి ఒళ్ళు మండి ఎదురు ప్రశ్న వేసింది. "మా అందరి చావులూ రాసుకుంటున్నావు, బానే ఉంది. మరి నువ్వు పోతేనో?"

ఆయన తడుముకోలేదు. నోటుబుక్కు మొదటి పేజీ తిప్పి చూపించాడు. అందులో ఒకటే పేరు ఉంది. డెల్ఫిన్.

నేను ఆ మీటింగుకి కుర్చీలు సర్దడానికి వెళ్ళాను. ఆయన వారసుణ్ణన్న సంగతి నాకు అలా తెలిసింది.

"నన్నొక్క మాట అడగలేదేంటండీ" అన్నాను బయటికి వచ్చాక.

"కాఫీ ఇచ్చే ముందు కుర్చీ తుడిచావు. అలాంటివాళ్ళు కాదనరు" అన్నాడు.

నిజంగానే కాదనలేకపోయాను. ఫాదర్ గౌడియోసో వారానికి రెండు రోజులు నన్ను ఆయన వెంట పంపడం మొదలుపెట్టారు. నానాయ్ ఉస్తింగ్ కథ నాకు దగ్గరుండి తెలియడానికి అదే కారణం.

ఆవిడ అసలు పేరు ఫౌస్టినా. ఊరందరికీ నానాయ్ ఉస్తింగ్, అంటే అమ్మ ఉస్తింగ్. సముద్రం ఒడ్డున సాన్ ఇసిద్రో చాపెల్ వెనక రేకుల వంటింట్లో, బడికి వెళ్ళే ముందు అరవై మంది పిల్లలకి జావ పోస్తుంది. అల్లం, మునగాకు, నలిపిన ఎండుచేప వేసిన బియ్యం జావ. డెబ్బై ఒకటో ఏట కూడా ఒక్కరోజు నాగా లేదు. ఇరవై రెండేళ్ళ పని మొత్తం ఆవిడ తలలో ఉంది. ఒక్క అక్షరం కాగితం మీద లేదు. సాయానికి నెనిటా, రోసెల్ అని ఇద్దరు నడివయసు ఆడవాళ్ళున్నారు. వాళ్ళు తొమ్మిదేళ్ళుగా అల్లం తరుగుతున్నారు. ఈ తొమ్మిదేళ్ళలో గరిటె ముట్టుకునే అదృష్టం ఇద్దరికీ పట్టలేదు.

మేము వెళ్ళేసరికి ఆవిడ డేగిసా ముందు నిలబడి కలుపుతోంది. తల తిప్పలేదు.

"నానాయ్, నేను సెవెరోని. బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చాను."

"తెలుసు. చావులవాడివి."

"రేపు మీరు పోయారనుకోండి, తర్వాత ఎవరు?"

"ముందు నువ్వు పోతావు."

సెవెరో రాసుకున్నాడు. "సరే. నేను పోయాను. తర్వాత మీరూ పోయారు. అప్పుడెవరు?"

"నేను పోను."

"ఎప్పటిదాకా?"

"ఈ పిల్లలు పెద్దయ్యేదాకా."

"వీళ్ళు పెద్దయితే ఇంకో పిల్లలు వస్తారు కదా."

"వాళ్ళూ పెద్దయ్యేదాకా."

సెవెరో నోటుబుక్కులో ఆవిడ పేరు పక్కన 'ఈవిడ పోరు' అని రాసి, ఇంకో ప్రశ్న అడగడానికి నోరు తెరిచాడు. నానాయ్ పక్కనున్న బుట్టలో చెయ్యి పెట్టి, చేతికి తగిలిన చేప తలకాయ తీసి ఆయన గొంతు వినబడిన వైపు విసిరింది. ఆయన ఎడమ పక్క నేనున్నాను. అది నా చెవి మీద తగిలింది.

మేము ఆరు వారాలు తిరిగాం. సెవెరో పెద్ద అట్ట మీద గళ్ళు గీసి, ఏ పని ఎవరిదో రాసి గోడకి తగిలించాడు. మళ్ళీ వెళ్ళేసరికి నానాయ్ దానితో పొయ్యి విసురుతోంది. "గట్టి అట్ట, గాలి బాగా వస్తోంది. ఇంకోటి తీసుకురా" అంది. వంట పద్ధతి రాయించుకుందామని కూర్చున్నాడు.

"బియ్యం ఎంత పోస్తారు నానాయ్?"

"సరిపడా."

"నీళ్ళు?"

"బియ్యానికి సరిపడా."

"ఉప్పు?"

"నీళ్ళకి సరిపడా. ఇంత వయసొచ్చింది, జావ తాగలేదా నువ్వెప్పుడూ?"

దాంతో సెవెరో ఇంకో దారి పట్టాడు. ఆవిడ పిడికిలి డబ్బా మీంచి డేగిసా మీదికి వెళ్ళేలోపు మధ్యలో గిన్నె పట్టేవాడు. పిడికిట్లో ఉన్నది గిన్నెలో పడగానే చెమ్చాలతో కొలిచి, రాసుకుని, అప్పుడు డేగిసాలో వేసేవాడు. మూడోసారికి ఆవిడ గరిటెతో ఆయన మణికట్టు మీద ఒకటేసింది. ఆయన చెయ్యి ఊదుకుంటూ, "ఉప్పు రెండు చెమ్చాలూ ఒక చిటికెడు" అని రాసుకున్నాడు.

ఆ వంటింట్లో పిల్లలు వరసగా కిటికీ దగ్గరికి వచ్చి, ఒక్కొక్కరే గట్టిగా పేరు చెప్పి గిన్నె చాపాలి. పేరు చెప్పకపోతే జావ పడదు. క్రమశిక్షణ అంటే ఇలా ఉండాలని నేను మెచ్చుకున్నాను. సెవెరో మాత్రం ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడేవాడు.

ఏడో వారం ఆయన పందెం వేశాడు.

"నానాయ్, మీరు ఒక్క వారం చచ్చిపోవాలి."

ఆవిడ గరిటె ఆపింది. "ఏంటీ?"

"నిజంగా కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పోయినట్టు లెక్క. అదిగో ఆ కుర్చీలో కూర్చోండి. చెయ్యి పెట్టకూడదు, మాట్లాడకూడదు. నెనిటా, రోసెల్ వండుతారు. వంటిల్లు మూతపడితే నేను మళ్ళీ ఈ గుమ్మం తొక్కను."

"మళ్ళీ ఎప్పుడూ?"

"ఎప్పుడూ."

నానాయ్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే చస్తాను" అంది.

సోమవారం పొద్దున్న ఆదివారం బట్టలు కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని వచ్చి, తలుపు పక్క ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లలకి ఇది చాలా నచ్చింది. గిన్నెలు పట్టుకుని వరసగా ఆవిడ ముందునుంచి నడిచారు. ఒకమ్మాయి దాసానిపువ్వు తెచ్చి ఒళ్ళో పెట్టింది. "నిజంగానే చచ్చిపోయావా నానాయ్?" అని అడిగింది.

"శుక్రవారం దాకానే" అంది నానాయ్.

"పోయినవాళ్ళు మాట్లాడకూడదు" అన్నాడు సెవెరో.

లోపల నెనిటా గరిటెని రెండు చేతులా పట్టుకుంది. తొమ్మిదేళ్ళు దూరంనుంచి చూసిన వస్తువు చేతికి వస్తే అంతే. జావ అడుగంటింది. పొగ చాపెల్ దాకా వెళ్ళింది. పిల్లలు బడికి అరగంట ఆలస్యమయ్యారు. కుర్చీలో ఉన్న మనిషి మాత్రం సాయంత్రం దాకా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. పోయాక ఒక మనిషి అంత హాయిగా ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

మంగళవారం జావ పల్చగా నీళ్ళలా వచ్చింది. నానాయ్ దగ్గింది. దగ్గడం మాటకిందికి వస్తుందా రాదా అని సెవెరోకీ ఆవిడకీ కాసేపు వాదన జరిగింది. ఆ వాదన పూర్తిగా మాటల్లోనే జరిగింది.

బుధవారం ఏమైందో తెలీదు, కుదిరింది. సెవెరో చెమ్చా లెక్కలు పనికొచ్చాయో, రోసెల్ ధైర్యంచేసి మంట తగ్గించడం పనికొచ్చిందో, జావ చిక్కగా, సరైన వేళకి, సరైన రుచితో దిగింది. పిల్లలు తాగేసి వెళ్ళిపోయారు. నెనిటా కళ్ళు తుడుచుకుంటోంది. కుర్చీలో కూనిరాగం ఆగిపోయింది.

కాసేపటికి నానాయ్ నెమ్మదిగా అడిగింది. "టోన్యో ఇంటికి ఎవరు పంపారు?"

నెనిటా కళ్ళు తుడుచుకోవడం ఆపింది.

"కొండవైపు చివరిల్లు. రెండు గిన్నెలు, మూతపెట్టి, వెనక దారిన. సోమవారం ఎవరు తీసుకెళ్ళారు?"

"మాకు తెలీదు నానాయ్" అంది రోసెల్. "అలా ఒకటుందనే తెలీదు."

తెలిసే వీల్లేదు. టోన్యో పడవ పోయిన తుపానులో ముక్కలైంది. ఊళ్ళో అందరికీ చేపలు పంచిన మనిషి తన పిల్లల్ని గిన్నెలిచ్చి వరసలో నిలబెట్టడానికి ఒప్పుకోలేదు. అందుకని నానాయ్ ఎవరికీ తెలియకుండా రోజూ తనే తీసుకెళ్ళి వాళ్ళ వెనక మెట్టు మీద పెట్టి వస్తోంది. మిగిలిపోయిందనీ, పారబోయడం పాపమనీ చెప్పేదట.

"మూడు రోజులు" అంది నానాయ్. కుర్చీలోంచి లేచింది. చచ్చిపోయినవాళ్ళు లేవకూడదన్న మాట సెవెరో అనలేదు. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నేలవైపు చూస్తున్నాడు.

డేగిసాలో మిగిలింది రెండు గిన్నెల్లో పోసుకుని, నెనిటా భుజం పట్టుకుని ఆవిడ కొండవైపు నడిచింది. అలసిపోయి పట్టుకుందనుకున్నాను. తిరిగి వచ్చాక కుర్చీని పొయ్యి పక్కకి లాక్కుని కూర్చుంది. "నెనిటా, రాసుకో" అంది.

ఆ రోజు మధ్యాహ్నం అంతా ఆవిడ చెబుతూనే ఉంది. ఎవరికి గుడ్డు పడదు. ఎండాకాలంలో మునగాకు ఎవరి దొడ్లో దొరుకుతుంది. ఏ పిల్లవాడు రెండోసారి అడగడానికి సిగ్గుపడతాడు, వాడికి మొదటిసారే ఎలా నిండుగా పొయ్యాలి. ఎవరి తండ్రి ఇంట్లో ఉన్నరోజు ఆ పిల్ల మాట్లాడదు, ఆ రోజు ఆ పిల్లని అల్లం ఒలవమని చెప్పి లోపల కూర్చోబెట్టాలి. టోన్యోలా నోరు తెరిచి అడగని ఇళ్ళు ఇంకా మూడున్నాయి, వాళ్ళకి ఎప్పుడు అవసరం పడుతుందో కనిపెట్టి ఉండాలి. నెనిటా రెండు నోటుబుక్కులు నింపింది. మధ్యలో పెన్సిలు అరిగిపోతే సెవెరో తన పెన్సిలిచ్చాడు. ఆ పెన్సిలు ఇంకొకరి చేతిలో ఉండటం నేను అప్పుడే చూశాను.

గురువారం, శుక్రవారం వంటిల్లు సాఫీగా నడిచింది. రెండు గిన్నెలూ వెనక దారిన వెళ్ళాయి. పందెం ఓడిపోయిన నానాయ్ శుక్రవారం సాయంత్రం లేచి ఒళ్ళు విరుచుకుని, "అయిందిగా, బతికాను. గరిటె ఇలా ఇవ్వండి" అంది.

"ఇంకో మూడు వారాలు చావాలి నానాయ్" అన్నాడు సెవెరో. "ఈసారి ఊళ్ళో ఉండకూడదు."

"ఎందుకుండకూడదు?"

"మీరు పక్కన కూర్చుంటే వాళ్ళు వండుతూ మీ దగ్గుకోసం చూస్తున్నారు. ఇలోయిలో పట్నంలో మీ మేనకోడలుందిగా, ఆమెతో మాట్లాడాను. సోమవారం వ్యానులో మీకు సీటు ఉంచారు. బుధవారం కంటి ఆసుపత్రిలో ఒక కన్ను. తర్వాతి వారం రెండోది."

నెనిటా, రోసెల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నా కళ్ళకేమొచ్చింది?" అంది నానాయ్. గొంతు హెచ్చింది.

"నేనివాళ ఏ రంగు చొక్కా వేసుకున్నాను?"

"తెల్లది. నువ్వెప్పుడూ తెల్లదే వేస్తావని అందరూ అంటారు."

ఆ రోజు ఆయన ముదురు పసుపు చొక్కా వేసుకున్నాడు. దాని మీద ఎర్రటి పువ్వులు, ఒక్కొక్కటి పళ్ళెమంత. ఏ ఊరి జాతరలో కొన్నాడో గానీ, పొద్దున్న ట్రైసికిల్ ఎక్కినప్పుడు నాకు పక్కన కూర్చోడానికి నామోషీ వేసింది.

నానాయ్ పొయ్యివైపు తిరిగింది.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మొదటిరోజు నుంచి. మీరు నా మీదికి విసిరిన చేప తలకాయ డెల్ఫిన్‌కి తగిలింది."

అప్పుడు ఒప్పుకుంది. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయని నాలుగేళ్ళ కిందటే డాక్టరు చెప్పాడట. కొయ్యాలి, కొన్నాళ్ళు పొగ దగ్గరికి వెళ్ళకూడదు అన్నాడట. పొగ దగ్గరికి వెళ్ళకపోతే అరవై గిన్నెలు ఎవరు నింపుతారు? అందుకని ఎవరికీ చెప్పలేదు. పిల్లల్ని గొంతుతో గుర్తుపట్టడం నేర్చుకుంది. ఉప్పు వేళ్ళతో తూచింది. జావ ఉడికిందో లేదో చప్పుడుతో కనిపెట్టింది. కళ్ళు పోతున్నాయని తెలిసిన మరుక్షణం నుంచి గరిటె ఇంకా గట్టిగా పట్టుకుంది. వేరేవాళ్ళ చేతికిస్తే తనకి కనబడటం లేదన్న సంగతి బయటపడుతుందని భయం.

"వాళ్ళు నడపలేకపోతే?" అంది మెల్లగా.

"నడిపారుగా. రెండు రోజులు మీకు దగ్గాల్సిన పని కూడా పడలేదు."

సోమవారం ఆవిణ్ణి వ్యాను ఎక్కించి వస్తుంటే ట్రైసికిల్లో నేను ఆయన్ని అడిగాను. "కళ్ళకోసమైతే ఆ మాటే చెప్పొచ్చుగా. రెండు నెలలు చావుకబుర్లెందుకు?"

"చెప్పి చూశాను డెల్ఫిన్. ఇక్కడ కాదు, ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ప్రతిచోటా. కాస్త విశ్రాంతి తీసుకోండి, మీకోసం ఏదైనా చేసుకోండి అని. ఈ మనుషులకి అది తిట్టులా వినబడుతుంది. నేను సోమరినా అని పోట్లాటకొస్తారు. చస్తారు అంటే మాత్రం కూర్చుని ఆలోచిస్తారు."

కొంచెం దూరం వెళ్ళాక ఇంకో సంగతి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊరి జాలరి సంఘానికి ఒక వలల కొట్టు ఉండేది. తాళంచెవి వాళ్ళ పెదనాన్న దగ్గర. పెదనాన్నకి దూరంగా మిండనావో దీవిలో ఉన్న తమ్ముణ్ణి చూడాలని ఉండేది. వెళ్దామనుకున్న ప్రతిసారీ రేపు కొట్టు ఎవరు తీస్తారని ఆగిపోయేవాడు. అలా పధ్నాలుగేళ్ళు ఆగాడు. "కొట్టు తియ్యడానికి ఏముందిరా, తాళం తిప్పాలి. అది నాకూ వచ్చు, మా కుక్కకి నేర్పినా వస్తుంది. ఎవరూ అడగలేదు, ఆయన ఇవ్వలేదు" అన్నాడు. అని, నోటుబుక్కు తీసి, ట్రైసికిల్ నడిపే అతని భుజం తట్టి, "ఈ దారిలో నువ్వొక్కడివేనా బాబూ బండి తిప్పేది? రేపు నువ్వు పోయావనుకో" అని మొదలుపెట్టాడు. అతను బ్రేకు వేశాడు.

మిగతా దారి మేమిద్దరం నడిచాం. నడుస్తూ నేను ఆయన చంపిన మనుషుల్ని ఒక్కొక్కరినే తలుచుకున్నాను. పాస్టర్ ఎలియేజర్ ఇద్దరు ఆడవాళ్ళకి పంపు విప్పడం నేర్పి, స్పానర్ల పెట్టె అప్పగించి, దావావ్ నగరంలో ఉన్న మూడేళ్ళ మనవరాలిని మొదటిసారి ఎత్తుకోడానికి వెళ్ళాడు. వెళ్ళి నెల్లాళ్ళు ఉన్నాడు. ఆర్గన్ కుర్రాడు ఇంకొకరికి వాయించడం నేర్పి, పెళ్ళాంతో మొదటిసారి ఒక ఆదివారం చర్చి బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నాడు. కుట్టుసంఘం పెద్దావిడ నడుము నొప్పికి వైద్యం చేయించుకుంది. అందరూ బతికే ఉన్నారు, ఇదివరకటికంటే కాస్త ఎక్కువే బతికి ఉన్నారు. ఆయన మీద కోపం మాత్రం ఎవరికీ పోలేదు. ఆయనకి అది పట్టినట్టూ లేదు.

నాలుగో వారం నానాయ్ ఉస్తింగ్ నల్లకళ్ళద్దాలతో తిరిగి వచ్చింది. వంటింటి గుమ్మంలో అద్దాలు తీసి సెవెరోని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా సెవెరో అంటే?"

"నేనే నానాయ్."

"ఇంత ముసలాడివా. గొంతు విని నలభై ఏళ్ళవాడివనుకున్నాను. పొద్దస్తమానం చావు గురించి ఎందుకడుగుతావో ఇప్పుడర్థమైంది."

తర్వాత పిల్లల వరసవైపు తిరిగింది. నాలుగేళ్ళుగా గొంతులుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు ముఖాలతో నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. చాలాసేపు చూసింది. చివరి పిల్లవాడి చెవి వంచి వెనక చూసి, "ఇన్నాళ్ళూ ఇంత మురికిగా వచ్చి తాగుతున్నార్రా మీరు" అంది. అరవై మందినీ బోరింగు దగ్గరికి తోలింది. ఆ రోజు కూడా బడికి ఆలస్యమే.

పిల్లలు తాగి వెళ్ళాక ఆవిడ అలవాటుగా పొయ్యి దగ్గరికి నడిచింది. నెనిటా గరిటె ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. గరిటె వీపు వెనక దాచుకుని, "కూర్చో నానాయ్, వడ్డిస్తాను" అంది. ఆ మాట అన్నందుకు తనకే భయమేసి రోసెల్ దగ్గరికి జరిగింది.

నానాయ్ ఇద్దరినీ చూసింది. వాళ్ళ ముఖాలు కూడా నాలుగేళ్ళ తర్వాత ఇప్పుడే సరిగ్గా కనబడుతున్నాయి. వెళ్ళి పిల్లల బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల ఆరేళ్ళవాళ్ళ కొలతకి చేసింది, మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఇరవై రెండేళ్ళలో ఆవిడ అక్కడ కూర్చోవడం ఎవరూ చూడలేదు. మొదటి చెమ్చా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది, తెరిచింది, గిన్నెలోకి తొంగి చూసింది.

నానాయ్ మొత్తం తాగింది, అంచు వేలితో తుడిచి నాకింది. గిన్నె ముందుకు చాపి, "పచ్చగా ఎంత బాగుందే మునగాకు. ఇంకో గరిటె వెయ్యి" అంది.